బైక్ టైర్ సెన్సర్ తప్పు చూపిస్తోందా? ముందు గాలి చూడండి, తర్వాత ఫోన్

మాది దేవరకొండ వైపు. ఉద్యోగం నల్లగొండలో, రాకపోకలు బండి మీదే. వాల్వు మూత తీసేసి దాని స్థానంలో బిగించే, టైర్లో గాలి ఎంతుందో ఫోన్‌కు చెప్పే బ్లూటూత్ సెన్సర్లు రెండేళ్లుగా వాడుతున్నాను. ఫోన్లో అంకె తేడాగా కనిపించగానే సెన్సర్ పాడైందనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. చాలాసార్లు సెన్సర్ నిజమే చెబుతుంది. అందుకే మొదట గాలి కొలిచే చేతి గేజ్ ఒకటి కొనుక్కోండి. పొద్దున బండి తీయకముందు, టైర్ చల్లగా ఉన్నప్పుడు గాలి చూసి రాసుకోండి. బండి పుస్తకంలోనూ చైన్ కవర్ మీది స్టిక్కర్‌లోనూ ఇచ్చే అంకె చల్లటి టైర్‌కే వర్తిస్తుంది.

రాత్రి సరిగ్గా ఉన్న గాలి పొద్దుటికి తగ్గుతోంది

మన దగ్గర ఎక్కువగా వచ్చే సమస్య ఇదే. మామూలు మూత వాల్వు లోపలి పిన్నును నొక్కదు. సెన్సర్ నొక్కుతుంది. అలా నొక్కితేనే గాలి దాని దాకా వచ్చి కొలత తెలుస్తుంది. అంటే సెన్సర్ బిగించాక గాలిని ఆపేది పిన్ను కాదు, సెన్సర్ లోపలి చిన్న రబ్బరు వాషర్. అది నలిగినా, ఇసుక రేణువు ఇరుక్కున్నా గాలి సన్నగా పోతూనే ఉంటుంది.

తప్పు సెన్సర్‌దా టైర్‌దా తేలాలంటే ఒక రాత్రి ఆగాలి. సెన్సర్ విప్పి మామూలు మూత పెట్టండి. గేజ్‌తో గాలి చూసి రాసుకుని, పొద్దున మళ్లీ చూడండి. ఒక్కోసారి గేజ్ పెట్టి తీసినప్పుడు కొంచెం గాలి పోతుంది, అంత తేడాను పట్టించుకోవద్దు. గాలి నిలబడితే వాషర్ మార్చండి, లేదా తుడిచి చేతి బిగువుతో మళ్లీ బిగించండి. పట్టకారు వాడితే వాషర్ తెగుతుంది. గాలి అప్పటికీ తగ్గిందంటే తప్పు టైర్‌లోనో వాల్వులోనో ఉంది.

పోయినేడు నా వెనక టైర్ మూడు రోజుల్లో 33 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి 31కి, తర్వాత 29కి దిగింది. సెన్సర్లో సెల్ అయిపోవస్తోందనుకుని హెచ్చరిక శబ్దం ఆపేశాను. నాలుగో రోజు ఇంటావిడను ఎక్కించుకుని సాగర్ బయలుదేరితే, కొండమల్లేపల్లి దాటకముందే బండి వెనక భాగం ఊగడం మొదలైంది. పంచర్ దుకాణంలో టైర్ అంతా చూసినా మేకు కనబడలేదు. సబ్బు నీళ్లు రుద్దాక, రెండు గడుల మధ్య గాడిలో గుండుసూది తలంత బుడగ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. సర్కారు తుమ్మ ముల్లు రబ్బరు లోపలే విరిగి ఉంది, పైకి నల్లటి చుక్క మాత్రమే కనిపిస్తోంది. మన రోడ్ల పక్కన ఆ కంపకు కొదవ లేదు. కంప కొట్టి ట్రాక్టర్లో తోలే రోజుల్లో దారంతా ముళ్లే. ట్యూబ్‌లెస్ టైర్‌లో విరిగిన ముల్లు తన రంధ్రాన్ని తానే సగం మూసి ఉంచుతుంది కాబట్టి గాలి రోజుకు ఒకటి రెండు పీఎస్ఐ చొప్పున దిగుతుంది. అలాంటిది కనబడితే దుకాణం చేరేదాకా పీకకండి.

సబ్బు నీళ్లు వాల్వు మొదట్లో కూడా పోయండి. రబ్బరు మెడ ఉన్న వాల్వును వేలితో కొంచెం పక్కకు వంచి చూస్తే మొదట్లో పగుళ్లు బయటపడతాయి. సెన్సర్ బరువు కొద్ది గ్రాములే అయినా, చక్రం వేగంగా తిరిగేటప్పుడు అది మెడను బయటికి లాగుతుంది. పగులు కనిపిస్తే ఆ వాల్వుతో ప్రయాణం చేయొద్దు. మార్చేటప్పుడు లోహపు మెడ ఉన్నది వేయించుకోండి.

మధ్యాహ్నానికి అంకె నాలుగైదు పెరుగుతోంది

ఇది లోపం కాదు. 30 పీఎస్ఐ దగ్గర ఉన్న టైర్‌లో గాలి 10 డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. పొద్దున 25 డిగ్రీలున్న గాలి, ఎండాకాలం నల్లగొండ రోడ్డు మీద పరుగెత్తాక 55కి చేరిందనుకుంటే నాలుగున్నర పెరిగినట్టే. దయచేసి ఆ గాలి తీయించకండి. మధ్యాహ్నం 34 చూసి 30కి తగ్గిస్తే మర్నాడు పొద్దున 26 ఉంటుంది. అలా తక్కువ గాలితో తిరిగే టైర్ పక్కలు ఎక్కువగా వంగి ఇంకా వేడెక్కుతుంది.

సరిచేయాల్సింది యాప్‌లోని హద్దులను. ముందు చక్రంలో, టైర్ చల్లగా ఉన్నప్పుడు 30 ఉంచుతాను కాబట్టి దానికి కింది హద్దు 26, పై హద్దు 38 పెట్టుకున్నాను. ఉష్ణోగ్రత అంకెను మాత్రం గట్టిగా నమ్మొద్దు. సెన్సర్ టైర్ బయట ఉంటుంది కనుక ఎండలో నిలిపిన బండికి అది చూపేది ఎక్కువగా తన ఒంటి వేడినే.

యాప్‌లో గీతలే తప్ప అంకెలు రావు

బండి ఆగి ఉంటే సెల్ మిగలడానికి చాలా సెన్సర్లు నిద్రపోతాయి. ఒక అర కిలోమీటరు నడిపి చూడండి. అప్పటికీ రాకపోతే ఫోన్ వైపు చూడాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి సమీపంలోని పరికరాల అనుమతి ఇవ్వాలి. 6 నుంచి 11 వరకు లొకేషన్ అనుమతి ఇచ్చి, లొకేషన్ ఆన్‌లో కూడా ఉంచాలి. ఫోన్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి జత చేయాల్సిన పని సాధారణంగా ఉండదు. యాప్ లోపలే సెన్సర్‌ను చేర్చాలి.

స్క్రీన్ ఆరగానే హెచ్చరికలు ఆగిపోతుంటే, బ్యాటరీ ఆదా కోసం ఫోనే యాప్‌ను మూసేస్తోందన్నమాట. ఆ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేసి, ఆటోస్టార్ట్ ఉన్న ఫోన్లలో అదీ ఇవ్వండి.

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే సిగ్నల్ పోతుంది కదా, సెన్సర్లు పనిచేస్తాయా అని అడుగుతుంటారు. పనిచేస్తాయి. బ్లూటూత్‌కు టవర్‌తో పని లేదు. కొన్ని యాప్‌లు లాగిన్ అడుగుతాయి కాబట్టి శ్రీశైలం బయలుదేరే ముందు ఇంటి దగ్గరే ఒకసారి తెరవండి. ఆ అడవిలో పంచర్ దుకాణం కోసం చాలా దూరం వెతకాలి.

వెనక చక్రం అంకె మాత్రమే వచ్చి పోతోంది

ఫోన్ ప్యాంటు ముందు జేబులో ఉంటే వెనక చక్రం సంకేతానికి మన ఒళ్లే అడ్డం. ఫోన్ చోటు మార్చి చూడండి. ఫలితం లేకపోతే బటన్ సెల్ మార్చండి. కొన్నింటిలో సీఆర్ 1632, కొన్నింటిలో సీఆర్ 2032 వస్తాయి కాబట్టి పాతదాని మీద చదివి అదే కొనండి. కొత్త సెల్ వేసినా పలకకపోతే కంగారుపడొద్దు. పిల్లలు మింగకుండా కొన్ని సెల్స్‌కు చేదు పూత పూస్తారు. ఆ పూత కరెంటును అడ్డుకోవచ్చు. పొడి గుడ్డతో బాగా తుడిచి మళ్లీ వేయండి. సెన్సర్ మూత కింది రబ్బరు రింగు గాడిలో కూర్చున్నాకే బిగించండి, లేకపోతే వాన నీళ్లు దిగుతాయి. పాత సెల్ పిల్లలకు అందనివ్వొద్దు. మింగితే ప్రాణాపాయం.

బంకులో ఒకటి, ఫోన్లో ఇంకొకటి

ఒకటి రెండు పీఎస్ఐ తేడా మామూలే. కొన్ని సెన్సర్లు మొత్తం ఒత్తిడిని కొలిచి, అందులోంచి సముద్ర మట్టం దగ్గరి బయటి గాలి ఒత్తిడిని తీసేస్తాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది. మహబూబ్‌నగర్ సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అలాంటివి అక్కడ దాదాపు 0.8 పీఎస్ఐ తక్కువ చూపుతాయి. తేడా రోజూ ఒకేలా ఉంటే దిగులు లేదు. అంకె 2 అని మాత్రమే కనబడితే యాప్ పీఎస్ఐలో కాక బార్ అనే కొలతలో చూపిస్తోందని అర్థం. 2 బార్ అంటే 29 పీఎస్ఐ. ముందు వెనక అంకెలు తారుమారైతే యాప్‌లోనే స్థానాలు మార్చుకోవచ్చు.

కొత్తగా బిగించాక చక్రంలో టిక్ టిక్

వెంటనే ఆపండి. సెన్సర్ బ్రేక్ క్యాలిపర్‌కో (బ్రేక్ డిస్కును పట్టే భాగం) ఫోర్కుకో (ముందు చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీలు) తగులుతోంది. సెంటర్ స్టాండ్ వేసి చక్రాన్ని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పితే ఎక్కడ రాసుకుంటోందో కనబడుతుంది. చోటు చాలకపోతే ఆ చక్రానికి అది వద్దు.

ట్యూబ్ టైర్ల వాళ్లకు ఒక మాట. ట్యూబ్‌కు ముల్లు దిగితే గాలి నిమిషాల్లో పోవచ్చు, ఫోన్ మోగేసరికి ఆలస్యం కావచ్చు. హ్యాండిల్ బరువెక్కినా, వెనక భాగం ఊగినా ఫోన్ కోసం చూడకండి. యాక్సిలరేటర్ వదిలి, గాలి పోయిన చక్రానికి బ్రేక్ వేయకుండా, రెండో దాన్ని మెల్లగా నొక్కుతూ రోడ్డు పక్కకు తెచ్చుకోండి.