గ్యాస్ ఉన్నా వంటింట్లో పొగ పోవట్లేదా? ఇలా చేసి చూడండి

మా అమ్మకి సిలిండర్ వచ్చి చాలా ఏళ్లయింది. అయినా పొద్దున టీ, రాత్రి కూర వేడి చేసుకోవడం వరకే గ్యాస్ మీద, అన్నం, పప్పు, స్నానాల నీళ్లు అన్నీ కట్టెల పొయ్యి మీదే. మొన్న సంక్రాంతికి సున్నం వేద్దామని వంటింటి గోడ తుడిస్తే గుడ్డ నల్లగా జిగటగా అయిపోయింది, సబ్బుతో ఉతికినా వదల్లేదు. ఆ గాలే ఆవిడ ఇన్నేళ్లుగా పీలుస్తోంది. ఇళ్లలోని ఇలాంటి పొగ వల్ల 2020లో ప్రపంచం మొత్తం మీద 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

ముందు రెండు రోజులు గమనించండి, పొయ్యి ఏ పనికి వెలుగుతోందో. మా ఇంట్లో సగం కట్టెలు నీళ్ల కాగు కిందకే పోతున్నాయి. గ్యాస్ మీద నీళ్లు కాచమంటే ఎవరూ కాచరు, అడగడం కూడా న్యాయం కాదు. కాబట్టి ఆ పొయ్యిని పెరట్లోకి మార్చండి, పైన రేకు వేసి పక్కలు వదిలేయండి, గాలి ఇంటివైపు కొట్టని చోటు చూసుకోండి. పశువులకు ఉలవలు ఉడకబెట్టేది కూడా అక్కడే. ఈ ఒక్క పనితోనే వంటింట్లో చాలా తేడా తెలుస్తుంది.

తర్వాత పప్పు. కందిపప్పు గంట ముందు నానబెట్టి కుక్కర్‌లో పెడితే గ్యాస్ బాగా ఆదా అవుతుంది, విజిల్ రాగానే మంట తగ్గించాలి. కట్టెల మీద ఉడికిన పప్పు రుచే వేరంటారు పెద్దవాళ్లు, వాదించకండి, ఆదివారం పెరటి పొయ్యి మీద వండుకోనివ్వండి.

కట్టెలు తప్పనిసరైతే సన్నగా చీల్చి బాగా ఎండబెట్టండి, పచ్చికట్టెకే పొగ ఎక్కువ. రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు, టైరు ముక్కలు అస్సలు వాడొద్దు. చంటిపిల్లల్ని ఎత్తుకుని పొయ్యి ముందు కూర్చోవద్దు.

సిలిండర్ వచ్చినప్పుడు తూకం వేయించండి, దాని మీద రాసిన ఖాళీ బరువుకి 14.2 కిలోలు కలిపితే సరిపోవాలి. సిలిండర్ నిలబెట్టే ఉంచాలి, స్టవ్ దానికంటే ఎత్తులో ఉండాలి, లీకు అనుమానం ఉంటే సబ్బు నీళ్లు రాసి చూడాలి, అగ్గిపుల్ల గీయకూడదు. వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, స్విచ్‌లు ముట్టుకోకుండా బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

అసలు చిక్కు రెండో సిలిండర్ దగ్గరే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చి కనెక్షన్లు ఇచ్చాయి, కానీ కూలి డబ్బుల మీద బతికే ఇంట్లో రీఫిల్‌కి ఒకేసారి అంత డబ్బు తీయడం కష్టం. పైగా పొయ్యి పొగలోని నల్లమసి వాతావరణాన్నీ వేడెక్కిస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌లా వందల ఏళ్లు ఉండదు, కొన్ని రోజుల్లోనో వారాల్లోనో గాలిలోంచి దిగిపోతుంది, అందుకే దాన్ని తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. అలాంటప్పుడు కనెక్షన్ ఇచ్చి వదిలేయడం కాదు, రీఫిల్‌కి సాయం చేయడమే వాతావరణం కోసం పెట్టే మంచి ఖర్చని నా గట్టి నమ్మకం. ఆంధ్రలో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు, తెలంగాణలో 500 రూపాయల సిలిండర్ పథకం ఉన్నాయి, మీ ఇంటికి వర్తిస్తాయేమో కనుక్కోండి. బుకింగ్ అమ్మకి రాకపోతే మీ ఫోన్‌లోంచే చేసేయండి, ఏ తేదీన వచ్చిందో వంటింటి క్యాలెండర్ మీద రాసిపెట్టండి.