హైకోర్టులో ఓడాక సుప్రీంకోర్టుకు: ఎస్‌ఎల్‌పీ వేసే పద్ధతి

తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. రాజ్యాంగం 136వ అధికరణ కింద, అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరుతూ వేసే స్పెషల్ లీవ్ పిటిషన్‌కు, అదే ఎస్‌ఎల్‌పీకి, హైకోర్టు తీర్పు తేదీ నుంచి 90 రోజుల గడువు. కాపీ తయారవడానికి కోర్టుకు పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. దరఖాస్తు పెట్టకుండా మీరు ఊరుకున్న రోజులు మాత్రం మీవే. గడువు దాటితే ఆలస్యం మాఫీ కోసం వేరే దరఖాస్తు వేసి, కారణం చూపాలి.

మీ హైకోర్టు లాయరుకు ఎంత పేరున్నా, అడ్వొకేట్ ఆన్ రికార్డ్ (సుప్రీంకోర్టులో కేసులు దాఖలు చేసే అర్హత ఉన్న లాయరు) కాకపోతే ఢిల్లీలో మీ తరఫున కేసు దాఖలు చేయలేరు. ఫీజు భారమైతే సుప్రీంకోర్టు న్యాయసేవల కమిటీని అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, జైల్లో ఉన్నవారికి ఆదాయ పరిమితి లేదు.

కాపీ చేతికొచ్చేలోగా అనువాదాలు మొదలుపెట్టించండి. అడంగల్, పహాణీ, సాక్షుల వాంగ్మూలాలు తెలుగులో ఉంటే ఇంగ్లీషు చేయించాల్సిందే. చదివి చూడకుండా వదలొద్దు: సర్వే నంబరు 112/2ఎ కాస్తా అనువాదంలో 112/2 అయితే అది వేరే భూమే. కింది కోర్టుల్లో పెట్టని పత్రం జతచేయాలంటే అనుమతి కోరాలి.

దాఖలు కాగానే డైరీ నంబరు వస్తుంది. కేసు నంబరు వచ్చినట్టు కాదది. రిజిస్ట్రీ, అంటే కోర్టు కార్యాలయం, కాగితాలన్నీ పరిశీలించి లోపాలు చూపిస్తుంది: మసకబారిన జిరాక్సు, తప్పిన పేజీ నంబరు, అనువాదం లేని పత్రం. వీటిని 28 రోజుల్లో సరిచేయాలి. ఎక్కువ కేసులు ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి డైరీ నంబరుతో సుప్రీంకోర్టు వెబ్‌సైట్‌లో మీరే చూసుకుంటూ ఉండండి.

కొత్త కేసులు మామూలుగా సోమ, శుక్రవారాల్లో ఇద్దరు జడ్జీల ముందుకొస్తాయి. వాదన చాలాసార్లు కొద్ది నిమిషాలే. హైకోర్టు తప్పు చేసిందంటే చాలదు, ఇందులో సుప్రీంకోర్టు ఎందుకు కలగజేసుకోవాలో మొదటి మాటలోనే తేలాలి. అందుకే పిటిషన్ ముందుండే సినాప్సిస్ (కేసు సారాంశం), తేదీల పట్టిక మీద అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టించండి.

ఎదుటి పక్షానికి నోటీసు ఇచ్చారంటే స్టే వచ్చినట్టు కాదు. స్టే విడిగా కోరాలి, ఉత్తర్వులో ఆ మాట ఉండాలి. లీవ్ (అప్పీలుకు అనుమతి) ఇస్తే పిటిషన్ అప్పీలుగా మారుతుంది. కారణాలు రాయకుండా ఎస్‌ఎల్‌పీ కొట్టేస్తే హైకోర్టులో రివ్యూ (అదే కోర్టును తీర్పు మళ్లీ చూడమని కోరడం) దారి ఇంకా తెరిచే ఉంటుందని 2000లో కున్హయమ్మద్ కేసులో కోర్టు చెప్పింది.

హైకోర్టులో గెలిచినవారు వెంటనే కేవియట్, అంటే తమ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే కోరే దరఖాస్తు, వేసుకోవాలి. లేకపోతే మీ మాట వినకుండానే స్టే వచ్చే ప్రమాదం ఉంది.