మహమ్మారి టైంలో వీధిని చూసుకోవడం ఎలా: ముందు లిస్టు, తర్వాతే మిగతావన్నీ

కోవిడ్ మొదలైన కొత్తలో మా వీధి వాట్సాప్ గ్రూపులో వంద మందికి పైనే ఉండేవాళ్ళం, ఎవరికి ఏం కావాలన్నా అడగండి మొహమాటపడకండి అని రోజూ ఎవరో ఒకరు మెసేజ్ పెట్టడం, కింద వరసగా దణ్ణాలు పూలు హార్ట్‌లు, చూస్తే అబ్బ ఎంత మంచి వీధిరా మనది అనిపించేది. తీరా మొదటి వారంలో సాయం అడిగినవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు, అందులో ఒకాయనకి కావల్సింది వైఫై పాస్‌వర్డ్. అదే వారం మా ఇంటికి మూడో ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ బీపీ మాత్రలు అయిపోయి రెండ్రోజులు ఊరికే ఉండిపోయారు. ఆవిడకి స్మార్ట్‌ఫోన్ లేదు, గ్రూపులో లేరు, మాకెవరికీ ఆవిడ గుర్తే రాలేదు.

మంచి మనసు లేక కాదు, లిస్టు లేక జరిగింది అది. అందుకే మళ్ళీ ఇలాంటి రోగం ఏదొచ్చినా మొదటి రోజే చెయ్యాల్సిన పని లిస్టు రాయడం. మాకొక్కళ్ళకే కాదులెండి ఇది, బ్రిటన్‌లో 2020 మార్చిలో వాలంటీర్లు 2,50,000 మంది కావాలని అడిగితే కొద్ది రోజుల్లోనే 7,50,000 మంది పేర్లిచ్చారు, అందులో చాలామంది ఫోన్ చేతిలో పట్టుకుని పని ఎప్పుడొస్తుందా అని వారాల తరబడి ఎదురుచూశారు. చెయ్యాలనుకునేవాళ్ళకి ఎప్పుడూ కొదవలేదు, ఎవరికి చెయ్యాలో తెలియకపోవడమే సమస్య.

లిస్టు కాగితం మీద రాయండి, ఫోన్లో కాదు. ఒక్కో మనిషికి పది పన్నెండు ఇళ్ళకి మించి ఇవ్వొద్దు, నేను ముప్పై చూస్తా అని ముందుకొచ్చేవాళ్ళు ఉంటారు, నాలుగో రోజుకి కనపడరు. ఇంటి నంబరు, ఎంతమంది ఉంటారు, ఒంటరిగా ఎవరైనా ఉన్నారా, రోజూ వేసుకునే మందులు ఉన్నాయా, డయాలసిస్‌కి వెళ్ళేవాళ్ళు గర్భిణులు ఎవరైనా ఉన్నారా, ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అంతే. జీతం ఎంత, కులం ఏంటి, ఓటు ఎవరికి లాంటివి దగ్గరకి కూడా రానివ్వకండి. తలుపు కొట్టి అడిగే పరిస్థితి లేకపోతే తలుపు కింద చీటీ తోసేయండి, మేం రాసింది ఇలా ఉండేది:

"నమస్తే అండి, మేం ఈ వీధిలోవాళ్ళమే, మీకు నాలుగిళ్ళ అవతల ఉంటాం. మందులు, సరుకులు తేవాలన్నా, ఆఫీసులకి ఫోన్ చెయ్యాలన్నా, ఊరికే మాట్లాడాలన్నా ఈ నంబరుకి మిస్డ్ కాల్ ఇవ్వండి చాలు, మేమే చేస్తాం. డబ్బులేం అక్కర్లేదు, సామాన్ల ఖర్చు బిల్లు చూసి ఇద్దురుగాని."

ఇందులో అన్నిటికన్నా పనిచేసింది మిస్డ్ కాల్ మాట. సాయం కావాలని నోరు తెరిచి అడగడానికి చాలామందికి ప్రాణం ఒప్పుకోదు, మిస్డ్ కాల్ అయితే చేస్తారు. కింద పేరు, ఇంటి నంబరు తప్పకుండా రాయండి, పేరు లేని చీటీ ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా, ఎందుకంటే ఇలాంటి టైంలోనే ఓటీపీ అడిగే దొంగలు కూడా సాయం పేరు చెప్పుకునే వస్తారు.

తర్వాత ఫోన్లు. బాగున్నారా అని అడిగితే ఎవరైనా బాగున్నాం అనే అంటారు, అది జవాబు కాదు, మర్యాద. ఆ మూడో ఇంటి మామ్మగారికి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడిని, రోజూ ఇదే వరస.

"మామ్మగారూ, మందులున్నాయా?"

"ఉన్నాయి నాయనా, బోలెడున్నాయి."

ఒకసారి దెబ్బ తిన్నాం కదా, ఓ రోజు ఇలా కాదని, "ఫోన్ పక్కన పెట్టి ఆ మాత్రల అట్ట తెచ్చి లెక్కపెట్టండి, నేను లైన్లోనే ఉంటా" అన్నాను. చెప్పుల చప్పుడు, డబ్బా మూత చప్పుడు, కాసేపటికి ఆవిడే నెమ్మదిగా "నాలుగే ఉన్నాయిరా" అన్నారు. అప్పటినుంచి మా వాలంటీర్లందరికీ చెప్పింది ఒకటే, లెక్క వచ్చే ప్రశ్న అడగండి. మాత్రలు ఎన్ని మిగిలాయి, గ్యాస్ ఎప్పుడు మార్చారు, మధ్యాహ్నం ఏం తిన్నారు, నిన్న ఎవరితో మాట్లాడారు. మందులు తెచ్చేటప్పుడు పాత అట్ట ఫోటో చూపించి అదే తేవాలి, షాపువాడు ఇదీ అదీ ఒకటే అన్నా డాక్టర్ని అడక్కుండా మార్చకూడదు.

రోజూ ఒకే టైంకి చెయ్యండి, చేసే మనిషి మారకుండా చూడండి. ఫోన్ కబుర్లతో ఏమొస్తుంది అనుకునేవాళ్ళకి ఒక సంగతి, 2020లో అమెరికా టెక్సస్‌లో ఇంటికి భోజనం తెప్పించుకునే 240 మందితో ఒక స్టడీ చేశారు, సగం మందికి కుర్రవాళ్ళ చేత నాలుగు వారాలపాటు ఫోన్లు చేయించారు, మొదటి ఐదు రోజులు రోజూ, తర్వాత వారానికి రెండుకి తగ్గకుండా ఎన్నిసార్లు కావాలో ఫోన్ అందుకునేవాళ్ళ ఇష్టం. చేసినవాళ్ళు డాక్టర్లు కాదు, కాస్త ట్రైనింగ్ ఇచ్చిన మామూలు పిల్లలు. ఆ నాలుగు వారాల్లో ఫోన్లు అందుకున్నవాళ్ళలో ఒంటరితనం, దిగులు, ఆందోళన తగ్గాయి. కాబట్టి బయటికి రాలేని వాలంటీర్లకి, చిన్నపిల్లలున్న తల్లులకి, కాళ్ళనొప్పుల పెద్దాయనకి ఈ పని ఇవ్వండి. మా వీధిలో అందరికన్నా బాగా ఫోన్లు చేసింది మంచం దిగలేని ఒక రిటైర్డ్ మాస్టారు, అవతలివాళ్ళు పెట్టేస్తానన్నా ఆయన పెట్టనిచ్చేవారు కాదు.

ఇప్పుడు అసలు తలనొప్పి, ఆఫీసు. మున్సిపాలిటీ అనండి పంచాయతీ అనండి కౌన్సిల్ అనండి, ఏ ఊళ్ళో ఏ పేరున్నా చెత్త, నీళ్ళు, డ్రైనేజీ, జనన మరణ సర్టిఫికెట్లు, శ్మశానాలు ఇవన్నీ చాలావరకు అక్కడే. మహమ్మారి టైంలో వీటికి తోడు కంట్రోల్ రూం, ఐసోలేషన్ సెంటరు, ఇల్లు కదలలేనివాళ్ళకి భోజనం, నీడ లేనివాళ్ళకి షెల్టర్ లాంటివి కూడా పెడతారు, ఊరిని బట్టి మారతాయి. వెబ్‌సైట్‌లో లేదు కదా అని ఊరుకోకండి, ఫోన్ చేసి "ఇంట్లోంచి కదలలేనివాళ్ళకి మీ దగ్గర ఏమేం ఉన్నాయండీ" అని అడగండి, సగం సర్వీసులు అడిగితేనే బయటపడతాయి. బెడ్లు, కరెంటు లాంటివి చాలాచోట్ల వేరే శాఖవి, మాది కాదంటే కోపం తెచ్చుకోకుండా మరి ఎవరిదో ఆ నంబరివ్వండి అనాలి.

నంబర్లన్నీ ముందే పోగేసుకుని ఒక్కోటీ ఒకసారి చేసి చూడండి, కొన్ని మోగవు, కొన్ని మోగినా ఎత్తరు, ఇంకొన్ని ఎవరి ఇంటికో పోతాయి. పనిచేసేవి మాత్రం పెద్ద అక్షరాలతో రాసి గేటు దగ్గర, లిఫ్టులో అంటించండి.

వీధి తరఫున ఆఫీసుకి ఫోన్ చేసేది ఒక్కరే ఉండాలి, మహా అయితే ఇద్దరు. పదిమందిలో పాము చావదు అంటారే, అచ్చం అదే జరుగుతుంది, ఇరవై మంది గ్రూపులో చెత్తబండి రాలేదని తిట్టుకుంటారు, ఎవరో ఒకరు చేసే ఉంటార్లే అని ఎవరూ చెయ్యరు. చేసేటప్పుడు "మా వీధిలో చెత్త ఎత్తట్లేదండీ" అంటే అవతలాయనకి ఏం చెయ్యాలో తెలీదు. "ఫలానా వీధి, వాటర్ ట్యాంక్ పక్క సందు, 11 ఇళ్ళు, సోమవారం నుంచి బండి రాలేదు, రెండిళ్ళలో పాజిటివ్ ఉన్నారు, వాళ్ళ చెత్త విడిగా కట్టి ఉంది" అంటే అది రాసుకుని ఎవరో ఒకరికి అప్పజెప్పగలడు. పొద్దున్నే చెయ్యండి, మనుషుల్ని పంపించేశాక చేస్తే అది రేపటి పనే. కంప్లైంట్ నంబరు, ఎత్తినవాళ్ళ పేరు, ఎప్పటికి అవుతుందన్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి, నంబరివ్వకుండా ఫోన్ పెట్టెయ్యనివ్వొద్దు. చెప్పిన రోజుకి అవ్వకపోతే ఆ నంబరుతోనే మళ్ళీ చెయ్యండి, రెండోసారీ కాకపోతే వార్డు మెంబరుకి, ఆ తర్వాత తేదీలు నంబర్లు అన్నీ వేసి రాతపూర్వకంగా. నేను మొదట్లో అరిచేవాడిని, ఒప్పుకుంటాను, అరిస్తే పనైంది ఒక్కసారే, నోటుబుక్కులో తేదీలు చదివితే చాలాసార్లు అయింది. అక్కడ కూర్చున్నవాళ్ళలోనూ సగం మంది జ్వరాలతో సెలవులో ఉంటారు, మిగతా సగం వాళ్ళ పని కూడా చేస్తుంటారు. పని అయిపోయాక ఫోన్ చేసి అయిందండీ థాంక్స్ అని చెప్పండి, తర్వాతి ఫోన్‌కి మీ గొంతు గుర్తుపడతారు.

రోడ్ల మీద మందు కొట్టించండి అని మాత్రం గొడవ చెయ్యకండి. ట్యాంకర్ వచ్చి తెల్లగా పొగలా చిమ్మితే ఏదో జరిగినట్టు ఉంటుంది గానీ, వీధుల్లో స్ప్రే చెయ్యడం వల్ల లాభం లేదని, మనుషుల మీద అస్సలు కొట్టకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది, దుమ్ము మట్టిలో ఆ మందు పనిచెయ్యదు, కళ్ళూ ఊపిరితిత్తులూ మండుతాయి. అదే మనుషుల్ని చెత్త ఎత్తడానికి పంపమని అడగండి. ఇంట్లో గట్టిగా ఉండే వాటిని తుడవాలంటే 5 శాతం బ్లీచ్ 20 మిల్లీలీటర్లు తీసుకుని నీళ్ళతో లీటరు చేస్తే చాలు, ఏ రోజుకారోజు కలుపుకోవాలి, టాయిలెట్ కడిగే యాసిడ్‌తోనో అమ్మోనియాతోనో మాత్రం కలపకూడదు, విషవాయువు వస్తుంది.

రోగం ఉన్న ఇంటి చెత్త, ముఖ్యంగా టిష్యూలు మాస్కులు, ఒక కవర్లో కట్టి దాన్ని ఇంకో కవర్లో పెట్టి గట్టిగా ముడెయ్యాలి. బ్రిటన్‌లో అయితే 72 గంటలు పక్కన పెట్టాకే బయట పెట్టమన్నారు, ఎందుకంటే ప్లాస్టిక్, స్టీల్ మీద వైరస్ 72 గంటల దాకా బతికి ఉండటం 2020 మార్చిలో ల్యాబులో చూశారు. మీ ఆఫీసు ఏం చెప్తే అది చెయ్యండి, ముడి మాత్రం ఊడకూడదు, ఆ కవరు చేత్తో ఎత్తే మనిషి ఒకరున్నారు కదా.

సరుకులు ఇచ్చే పద్ధతి ఇప్పటిది కాదు. 1665-66లో ఇంగ్లండ్‌లో ఈయమ్ అనే పల్లెకి ప్లేగు వస్తే ఊరివాళ్ళు పొలిమేర దాటకూడదని వాళ్ళకి వాళ్ళే కట్టుబడ్డారు, పక్క ఊళ్ళవాళ్ళు తిండి సరిహద్దు రాయి దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు, వీళ్ళు ఆ రాతి గుంటల్లో వెనిగర్ పోసి అందులో నాణేలు వేసేవాళ్ళు. మనదీ అంతే, గుమ్మం ముందు పెట్టి, బెల్లు కొట్టి, వెనక్కి జరిగి, తలుపు తెరిచేదాకా కదలకుండా నిలబడండి, పెట్టేసి వెళ్ళిపోతే నడుం వంగని పెద్దవాళ్ళు ఆ సంచి ఎత్తలేరు, ఒకరోజు అది మేం చూసుకోలేదు, సాయంత్రం దాకా సంచి అక్కడే ఉంది. సంచులు కడగడం, ప్యాకెట్లు తుడవడంలో మేం చాలా టైం పోగొట్టుకున్నాం, ఒకసారి తాకితే అంటుకునే అవకాశం 10,000లో 1 కంటే తక్కువే అని 2021లో అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చింది. చేతులు కడుక్కుంటే సరిపోతుంది, ఆ ఓపిక కిటికీలు తెరవడం మీద, మాస్కు మీద పెట్టండి. డబ్బులు బిల్లుతో కవర్లో, ఎవరి ఏటీఎం కార్డూ పిన్నూ తీసుకోవద్దు, వాళ్ళే బలవంతంగా ఇచ్చినా సరే.

వేలికి పెడితే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్స్ ఆక్సీమీటర్లు వీధికి రెండు ఉంటే చాలు, తిప్పుకోవచ్చు, మధ్యలో తుడవాలి. చేతులు చల్లగా ఉన్నా గోళ్ళరంగు ఉన్నా తప్పు చూపిస్తుంది, నల్లటి చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు కూడా. 94 కంటే తగ్గితే డాక్టర్‌కి ఫోన్, ఆయాసం ఉంటే అంకె బాగున్నా ఫోన్.

ఎవరికి పాజిటివ్ వచ్చిందో గ్రూపులో పెట్టకండి. సాయం చేస్తూ ఫోటో తియ్యకండి, సంచి పట్టుకుని తల దించుకున్న మనిషి ఫోటో ఒకటి మా గ్రూపులో వచ్చింది, ఆ ఇంటివాళ్ళు మళ్ళీ మా ఫోన్ ఎత్తలేదు.

చావు ఇంట్లో వీధి చెయ్యగలిగింది కాగితాల పని. ఏడుస్తున్నవాళ్ళని రిజిస్ట్రేషన్ ఎప్పుడు చేయిస్తారు అని అడగలేం, అందుకని ఒకరు ఆ పని మీద వేసుకుని ఆస్పత్రి కాగితం, ఐడీ కార్డు కాపీలు తీసిపెట్టాలి, సర్టిఫికెట్ ప్రింట్ అయ్యేముందు పేరు స్పెల్లింగ్ రెండు కార్డులతో సరిచూడాలి, ఒక్క అక్షరం తప్పితే బ్యాంకులో నెలల తరబడి తిప్పుతారు. ఎన్ని కాపీలు అని అడిగితే ఎక్కువే తీసుకోండి.

వాలంటీర్లకి వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు, ఫోన్ కూడా వేరేవాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఇక కేసులు తగ్గి ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డాక లిస్టులు అన్నీ వెనక్కి తీసుకుని చింపెయ్యండి, ఎవరింట్లో ఎవరు ఒంటరిగా ఉంటారో, ఏ జబ్బు ఉందో రాసి ఉన్న కాగితం ఎవరి సొరుగులోనూ మిగలకూడదు. ఖాళీ ఫారం ఒకటి, పనిచేసే నంబర్ల కాగితం ఒకటి దాచండి, ఆరు నెలలకోసారి ఆ నంబర్లకి ఫోన్ చేసి ఎత్తుతున్నారో లేదో చూడండి.