స్టీల్ గిటారు నుంచి నైలాన్‌కి మారినప్పుడు వచ్చే చిక్కులు, వాటి అసలు కారణాలు

మా విజయనగరం చుట్టుపక్కల నుంచి రిపేరుకి వచ్చే నైలాన్ గిటార్లలో ఎక్కువ భాగం, ఏళ్ళ తరబడి స్టీల్ తీగల మీద వాయించి మొదటిసారి నైలాన్ కొన్నవాళ్ళవే. చర్చిలో వాయించేవాళ్ళు, వేళ్ళు నొప్పెట్టి మారినవాళ్ళు, ఆ మెత్తటి శబ్దం నచ్చి కొన్నవాళ్ళు, అన్ని రకాలూ ఉంటారు. "గిటారే బాగోలేదండీ, అమ్మేద్దామనుకుంటున్నా" అంటూ వస్తారు. చాలాసార్లు గిటారు బాగానే ఉంటుంది. నిజంగా బాగోలేనప్పుడు మాత్రం ఆ లోపం కొన్నరోజే కంటికి కనిపించే చోట ఉంటుంది, ఎవరూ అటు చూడరు.

కార్డులు పట్టడం, శృతి చేయడం, తీగలు మార్చడం మీకు వచ్చు కాబట్టి అవి చెప్పను. మిల్లీమీటర్లు ఉన్న ఇనుప స్కేలు ఒకటి, ఒక తెల్లకాగితం, ఫోన్‌లో టార్చి ఉంటే చాలు.

శృతి నిలవట్లేదు

కొత్త నైలాన్ తీగ సాగుతుంది. స్టీల్ తీగ వేసిన సాయంత్రానికే కుదురుకుంటుంది, నైలాన్‌కి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఇది తెలియక రెండోరోజే కీలు పాడైపోయాయని కొత్త సెట్టు కొనుక్కొచ్చేవాళ్ళు ఉన్నారు. రోజుకి ఐదారుసార్లు శృతి చేసుకుంటూ వాయించండి, అంతకు మించి చేయాల్సింది లేదు.

వారం దాటాక కూడా 1వ తీగ (అన్నిటికంటే సన్నది) దిగిపోతుంటే బ్రిడ్జి (పై చెక్క మీద తీగలు కట్టే చెక్కముక్క) దగ్గర ముడి చూడండి. నైలాన్ తీగకి మామూలుగా చివర బాల్ (స్టీల్ తీగకి ఉండే చిన్న లోహపు గుండు) ఉండదు, చేత్తో ముడి వేసి కట్టాలి. 1, 2, 3 తీగలు నున్నగా ఉంటాయి కాబట్టి ఒక్క మెలికకి ఆగవు. 1వ తీగకి మూడు మెలికలైనా తిప్పి, ఆఖరి మెలిక బ్రిడ్జి వెనక అంచు కిందికి దిగేలా లాగితేనే పట్టు దొరుకుతుంది. ఆ మెలికని అంచు పైనే వదిలేస్తే ఎప్పుడో టప్పున జారిపోయి, తీగ చివర పై చెక్క మీద కొట్టి గుంట పెడుతుంది. అలాంటి గుంట ఉన్న గిటార్లు బోలెడు చూశాను.

చెయ్యి పట్టట్లేదు, బారె కార్డు (ఒకే వేలితో తీగలు అడ్డంగా నొక్కేది) పలకట్లేదు

నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ళున్న ముక్క) దగ్గర స్టీల్ గిటారు మెడ వెడల్పు 43 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది, క్లాసికల్‌ది, అంటే మామూలు నైలాన్ గిటారుది, 52. పైగా ఫ్రెట్ బోర్డు (ఫ్రెట్లు, అంటే లోహపు మెట్లు, ఉండే మెడ పై పలక) స్టీల్ దానిలా కొంచెం వంపుగా కాకుండా బల్లపరుపుగా ఉంటుంది. బొటనవేలు పైనుంచి తిప్పి 6వ తీగ నొక్కే అలవాటు ఇక్కడ సాగదు, వేలిని మెడ వెనక మధ్యకి దించాల్సిందే. నెల రోజులు ఓపిక పడితే చెయ్యి దానంతటదే సర్దుకుంటుంది.

బ్యాండుతో నిలబడి కార్డులు కొట్టడమే మీ పని అయితే, క్రాసోవర్ రకం చూడండి. మెడ 48 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, ఫ్రెట్ బోర్డులో కొంచెం వంపు ఉంటుంది, పికప్ (శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కి పంపే పరికరం) లోపలే వస్తుంది. యమహా ఎన్‌టీఎక్స్ వరస అలాంటిది, ధర మాత్రం బాగానే ఎక్కువ. వేళ్ళతో మీటి వాయించాలనుకుంటే మామూలు క్లాసికలే తీసుకోండి, యమహా సీ40 లాంటిది మొదటి గిటారుకి సరిపోతుంది. మొదటివారం చెయ్యి పట్టలేదని భయపడి సన్న మెడ కొనేసుకోకండి. ఆ వెడల్పు వేళ్ళతో మీటడానికి ఇచ్చిన చోటు, రెండు నెలలయ్యాక అదే కావాలనిపిస్తుంది.

విడిగా శృతిలో ఉంది, కార్డు పడితే 3వ తీగ తేడాగా ఉంది

ఈ మాట వింటే నేను ముందు ఎడమచెయ్యే చూస్తాను. నైలాన్ 3వ తీగ చుట్టు లేని తీగల్లోకెల్లా లావుది, కాస్త గట్టిగా నొక్కినా స్వరం పైకి పోతుంది. స్టీల్ మీద బిగించి పట్టే పట్టులో సగం ఇక్కడ చాలు. అదే కార్డు చాలా తేలిగ్గా నొక్కి, ట్యూనర్ పెట్టి చూడండి. సరిగ్గా వస్తే గిటారులో తప్పేమీ లేదు.

తేలిగ్గా నొక్కినా మొదటి రెండు ఫ్రెట్లలోనే స్వరం ఎక్కువ పలుకుతుంటే నట్ గాళ్ళు లోతు చాలలేదని అర్థం. తీగని 3వ ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టి, 1వ ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. కాగితం మందం ఉంటే చాలు, అంతకంటే బాగా ఎక్కువుంటే ఆ గాడిని సన్న ఆకురాయితో కొంచెం కొంచెంగా దించాలి. మన బొబ్బిలి వీణకైతే మెట్లు మైనంలో కూర్చుతారు, స్వరం తేడా వస్తే మెట్టు జరిపి సరిచేసుకోవచ్చు. గిటారు ఫ్రెట్లు కదలవు, అందుకని అటు నట్, ఇటు సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న బద్ద) రెండూ సరిగ్గా ఉండి తీరాలి. ఇవన్నీ బాగుండి కూడా 3వ తీగ మొద్దుగా పలుకుతుంటే కార్బన్ తీగ వేసి చూడండి, సన్నగా ఉంటుంది, స్పష్టంగా పలుకుతుంది.

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి

"నైలాన్ అంటే అంతేనండీ, ఎత్తుగానే ఉంటాయి." అమ్మేవాళ్ళు చెప్పే మాట ఇది, కొన్నవాళ్ళు నమ్మే మాట కూడా ఇదే. కొంతవరకు నిజమే. నైలాన్ తీగ స్టీల్ కంటే విశాలంగా ఊగుతుంది, దానికి చోటు కావాలి. కానీ ఎంత ఎత్తు అన్నది కొలవకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు, ఆ కొలవడమే ఎవరూ చేయరు. 12వ ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు స్కేలు నిలబెట్టి చూడండి. 6వ తీగ దగ్గర 4 మిల్లీమీటర్లు, 1వ తీగ దగ్గర 3 వరకు మామూలే. మీ స్టీల్ గిటారు మీద ఇది రెండు, రెండున్నర ఉంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది, అంతే. అయిదు, ఆ పైన వచ్చిందంటే మాత్రం అక్కడ ఆగి కారణం వెతకాలి.

మంచి కారణం అయితే సాడిల్‌ని ఫ్యాక్టరీలో ఎత్తుగా వదిలేసి ఉంటారు. సాడిల్‌ని బయటికి తీసి, అడుగువైపు గరుకు కాగితం మీద సమంగా అరగదీస్తే సరిపోతుంది. 12వ ఫ్రెట్ దగ్గర 1 మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ 2 మిల్లీమీటర్లు అరగాలి, ఇది గుర్తుపెట్టుకోండి. కళింగపట్నం, భీమిలి లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో వానాకాలం చెక్క తేమ పీల్చి ఎత్తు కొంచెం పెరుగుతుంది, వేసవికి దిగుతుంది. దానికి కంగారు పడి సాడిల్ అరగదీయకండి.

చెడ్డ కారణం ఇంకొకటి ఉంది, ఈ వ్యాసం రాస్తున్నదే దానికోసం. ఆ గిటారుకి మీరు కొనకముందు ఎవరో స్టీల్ తీగలు వేసి ఉంటారు. ఇప్పుడు నైలాన్ తీగలే ఉంటాయి, మెరుస్తూ కొత్తగా ఉంటాయి కూడా. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ఇది ఎలా జరుగుతుందంటే, నైలాన్ సెట్లో ముందు తెగేది చాలావరకు 4వ తీగ. పలాసలోనో రాజాంలోనో ఉన్నప్పుడు తెగింది, దగ్గర్లోని దుకాణంలో స్టీల్ సెట్టు తప్ప వేరేది దొరకలేదు, "గిటారు తీగలే కదా" అని వేసేశారు. ఆర్నెల్లు వాయించారు. తీగలు ఎత్తై నొక్కడం కష్టమయ్యాక, మళ్ళీ నైలాన్ సెట్టు వేసి అమ్మకానికి పెట్టారు. మోసం చేయాలని చేసినవాళ్ళు తక్కువ, వాళ్ళకీ తెలియదు.

నైలాన్ సెట్టు ఆరు తీగలూ కలిపి గిటారు మీద వేసే లాగుడు సుమారు 40 కేజీలు. స్టీల్ లైట్ సెట్టుది 70 దాటుతుంది. పాతిక కేజీల బియ్యం బస్తాకి మించిన బరువు అదనంగా ఆ బ్రిడ్జికి వేలాడదీసినట్టు. క్లాసికల్ గిటారు పై చెక్క పల్చన, దాని కింద బలానికి అతికించే చెక్క బద్దీలు విసనకర్ర ఆకారంలో తేలిగ్గా ఉంటాయి, స్టీల్ గిటారులో ఉండే బలమైన ఎక్స్ ఆకారపు బద్దీలు ఉండవు. చాలా క్లాసికల్ మెడల్లో బిగించుకునే ట్రస్ రాడ్ (మెడ వంపు సరిచేసే లోపలి ఇనుప కడ్డీ) కూడా ఉండదు. అంత లాగుడుకి బ్రిడ్జి ముందుకి తలవంచుతుంది, దాని వెనక చెక్క ఉబ్బుతుంది, సౌండ్ హోల్ వైపు చెక్క కుంగుతుంది, మెడ ముందుకి వంగుతుంది. తర్వాత నైలాన్ వేసినా చెక్క పూర్తిగా వెనక్కి రాదు.

గుర్తులు మాత్రం చెరిగిపోవు. నేను చూసే వరస ఇది. మొదట 1, 2 తీగల కింద మొదటి మూడు ఫ్రెట్లు: నున్నటి నైలాన్ తీగలు ఫ్రెట్‌ని దాదాపు అరగదీయవు, అక్కడ గోటితో గీసినట్టు సన్నటి గాళ్ళు ఉంటే అది స్టీల్ పనే. తర్వాత తల దగ్గర తీగ చుట్టే తెల్ల ప్లాస్టిక్ రోలర్లు: స్టీల్ తీగ వాటిని కోసుకుపోయి సన్న చారలు పెడుతుంది. నట్ గాడి అడుగున బ్లేడుతో కోసినంత సన్నటి చీలిక ఉందా చూడండి, నైలాన్ తీగ దాని పైన కూర్చుంటుంది, లోపలికి దిగదు. బ్రిడ్జి వెనక, తీగలు దూరే రంధ్రాల చుట్టూ చిన్న గుండ్రటి నొక్కులుంటే అవి స్టీల్ తీగ చివరి బాల్ చేసినవి. ఆఖరికి తెల్లకాగితం తీసుకుని బ్రిడ్జి వెనక అంచు కిందికి నెమ్మదిగా తోయండి. ఎక్కడైనా లోపలికి దూరిందంటే బ్రిడ్జి లేస్తోంది. స్కేలుని బ్రిడ్జి వెనక చెక్క మీద అడ్డంగా పెట్టి, అటువైపు టార్చి వేస్తే ఉబ్బు ఎంతుందో కనిపిస్తుంది. చాలా గిటార్లకి కొద్దిపాటి ఉబ్బు సహజం. దానితోపాటు పై గుర్తుల్లో రెండు కనిపిస్తే ఇంక సందేహం అక్కర్లేదు.

రాజాం నుంచి ఒకతను సెకండ్ హ్యాండు గిటారు తెచ్చాడు. అప్పటికే తీగల సెట్లు మార్చి చూశాడు, వేరేచోట సాడిల్ అరగదీయించాడు. సాడిల్ బ్రిడ్జి పైకి గోరంత కూడా లేదు, అయినా 12వ ఫ్రెట్ దగ్గర 5 పైనే ఉంది. రోలర్ల మీద గీతలు చూపించేసరికి "నేనెప్పుడూ స్టీల్ వేయలేదండీ" అన్నాడు. అతను వేయలేదు, నిజమే. కాగితం బ్రిడ్జి కిందికి సగం దూరిపోయింది.

బాగుచేయడం దేన్నిబట్టి అంటే, ఎంత ముదిరింది అన్నదాన్నిబట్టి. బ్రిడ్జి మాత్రమే లేచి, చెక్క బాగుంటే అదృష్టం: వెంటనే తీగలన్నీ వదులు చేసేయండి, బ్రిడ్జిని పూర్తిగా ఊడదీసి, పాత జిగురు గీకి, చెక్క జిగురుతో అతికించి క్లాంపులు వేస్తే మళ్ళీ ఏళ్ళు నడుస్తుంది. ఆ సందులోకి ఫెవిక్విక్ పోయకండి. అది గట్టిపడి పెళుసుగా ఉంటుంది, లాగుడుకి మళ్ళీ విడిపోతుంది, పైగా తర్వాత సరిగ్గా అతికించేవాళ్ళకి ఆ చోట చెక్క దొరకకుండా చేస్తుంది. ఉబ్బు కొంచెమే ఉండి, సాడిల్ ఇంకా రెండు మూడు మిల్లీమీటర్లు పైకి కనిపిస్తుంటే అరగదీసి సరిపెట్టుకోవచ్చు. సాడిల్ పైకి ఏమీ మిగల్లేదు, చెక్క ఉబ్బింది, మెడ కూడా వంగింది అంటే తక్కువ ధర గిటారుకి ఆ ఖర్చు పెట్టొద్దు. కొనకముందే తెలిస్తే ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

మిగిలినవి

సౌండ్ హోల్‌లో పెట్టే పాత మాగ్నెటిక్ పికప్ నైలాన్‌కి పనిచేయదు. నైలాన్‌లో ఇనుము లేదు, లావు తీగల చుట్టూ ఉండేది వెండి పూత వేసిన రాగి. సాడిల్ కింద పెట్టే పియెజో పికప్ గానీ మైకు గానీ కావాలి. క్యాపో (మెడకి అడ్డంగా బిగించే క్లిప్పు) పెడితే మధ్య తీగలు జీరగా పలికితే, అది వంపు ఫ్రెట్ బోర్డు క్యాపో, బల్లపరుపుది కొనుక్కోండి. పిక్‌తో గట్టిగా కొట్టినప్పుడే బజ్ (గరగర శబ్దం) వస్తే కొట్టుడు తగ్గించండి, తేలిగ్గా మీటినా ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కినప్పుడు వస్తే దాని పక్కన బ్రిడ్జి వైపున్న ఫ్రెట్ లేచి ఉండొచ్చు. పిక్ గార్డు ఉండదు కాబట్టి పై చెక్క గీతలు పడుతుంది, అది కూడా చూసుకోండి. లోపలి బద్దీ ఊడటం, మెడ మెలి తిరగడం లాంటివి అరుదు. వేలి కణుపుతో పై చెక్క అంతా తడుతూ పోతే బద్దీ ఊడినచోట గలగలమంటుంది, అలాంటప్పుడు రిపేరు చేసేవాళ్ళకే ఇవ్వండి.

గిటారు కొన్నరోజే నైలాన్ సెట్లు రెండు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, నార్మల్ టెన్షన్ (మామూలు లాగుడు) చాలు, మొదట్లో హార్డ్ టెన్షన్ వద్దు. ఒకటి విప్పకుండా కేసులోనే ఉంచండి. 4వ తీగ తెగినప్పుడు సెట్టు మొత్తం మార్చక్కర్లేదు, ఆ ఒక్కటీ మార్చుకోండి.