అక్వేరియంలో కొత్త చేపను వదిలే ముందు జాగ్రత్తలు

• రెండు మగ ఫైటర్ చేపలను ఒకే తొట్టెలో ఎన్నడూ ఉంచరాదు. ఓడినదానికి పారిపోయే చోటుండదు కనుక పోరు ప్రాణం మీదికి వస్తుంది.

• సిక్లిడ్‌లు (తమ చోటుకు హద్దు పెట్టుకుని కాచుకునే చేపలు) ఉన్న తొట్టెలోనైతే ముందుగా రాళ్లను, దుంగలను, మొక్కలను తీసి వేరే చోట్ల అమర్చాలి. పాత హద్దులు చెరిగిపోవడంతో అప్పటికే ఉన్న చేపలు కూడా మళ్లీ చోటు వెతుక్కోవలసి వస్తుంది, కొత్తదానిపై దాడి తగ్గుతుంది. శ్రమతో కూడిన పనే గాని, దీనిని మానడం తగదు.

• గుడ్లను గానీ పిల్లలను గానీ కాస్తున్న జంట ఉంటే వాయిదా వేయాలి. ఆ సమయంలో అవి దేన్నీ దగ్గరకు రానీయవు.

• దాగే చోట్లు చేపల సంఖ్యకన్నా ఎక్కువగా, ఒకదానికొకటి కనిపించకుండా ఉండాలి.

• టైగర్ బార్బ్‌లను కనీసం ఆరింటిని కలిపి పెంచాలి; గుంపు చిన్నదైతే అవి ఇతర చేపల రెక్కలను కొరుకుతాయి.

• లైటు ఆర్పి వదలడం మేలు.