స్పానిష్‌లో పర్ఫెక్ట్ టెన్సులు ఎలా కట్టాలి?

వచ్చి ఉంటాను, వచ్చి ఉంటారు, వచ్చి ఉండేది. వీటిలో ‘వచ్చి’ కదలదు, మారేదంతా పక్కనున్న ‘ఉండు’ క్రియే. స్పానిష్ పర్ఫెక్ట్ టెన్సులన్నీ ఇలాగే నడుస్తాయి. కాకపోతే మారే క్రియ ముందు వస్తుంది, కదలనిది తర్వాత.

1. ముందు ‘అబేర్’ నేర్చుకోండి

మారే క్రియ ఇదే. వర్తమానంలో: యో ఎ, తూ అస్, ఎల్ అ, నొసోత్రోస్ ఎమోస్, బొసోత్రోస్ అబేయిస్, ఎయ్యోస్ అన్. ‘అబేయిస్’ స్పెయిన్‌లోనే వాడతారు. లాటిన్ అమెరికా కోసం నేర్చుకునేవాళ్లు దాన్ని గుర్తుపట్టగలిగితే చాలు. ఈ రూపాలన్నిటికీ రాతలో ముందు పలకని ‘హెచ్’ ఉంటుంది. వినబడినట్టు రాస్తూ దాన్ని వదిలేస్తే ‘అ’ కాస్తా ‘కు’ అనే అర్థమిచ్చే వేరే మాటైపోతుంది.

ఇంగ్లిష్ ‘హ్యావ్’ గుర్తొచ్చి చాలామంది ‘నా దగ్గర ఉంది’ అనడానికి వాడే ‘తెనేర్’ క్రియ వాడి ‘తెంగో కొమీదో’ అంటారు. అది తప్పు. ‘తిన్నాను’ అంటే ‘ఎ కొమీదో’.

2. కదలని రూపం కట్టండి

-అర్ క్రియలకు -ఆదో (అబ్లార్, అబ్లాదో), -ఎర్, -ఇర్ క్రియలకు -ఈదో (కొమేర్, కొమీదో; బిబీర్, బిబీదో). ఈ లెక్కకు లొంగనివి కొన్ని ఉన్నాయి, రోజూ నోట్లో నానేవీ అవే: ఎచో (చేసిన), దీచో (చెప్పిన), బీస్తో (చూసిన), ఎస్క్రీతో (రాసిన), ప్వెస్తో (పెట్టిన), అబ్యెర్తో (తెరిచిన), బ్వెల్తో (తిరిగొచ్చిన), రోతో (విరిగిన), మ్వెర్తో (చనిపోయిన). వీటిని బట్టీ పట్టాల్సిందే. స్పానిష్ మాతృభాషైన చిన్నపిల్లలు కూడా ‘రోతో’ బదులు ‘రొంపీదో’ అనేస్తుంటారు.

అబేర్ పక్కన ఈ రూపానికి లింగవచనాలు అంటవు. వెళ్లింది మరీయా అయినా ‘అ సలీదో’ అనాలి, ‘సలీదా’ అనకూడదు. స్థితిని చెప్పే ‘ఎస్తార్’ పక్కన మాత్రం మారుతుంది: ‘ఎ అబ్యెర్తో లా ప్వెర్తా’ (తలుపు తెరిచాను), ‘లా ప్వెర్తా ఎస్తా అబ్యెర్తా’ (తలుపు తెరిచి ఉంది).

3. మధ్యలో ఏదీ దూర్చకండి

‘ఇప్పటికే’ అనే ‘యా’, ‘లేదు’ చెప్పే ‘నో’, ‘దాన్ని’ అనే ‘లో’ అన్నీ అబేర్‌కి ముందే రావాలి: యా ఎ కొమీదో, నో ఎ కొమీదో, లో ఎ బీస్తో. ‘ఎ యా కొమీదో’ అనరు.

4. అబేర్ కాలం మార్చండి

భూతంలో అబీయా, అబీయాస్, అబీయా, అబీయామోస్, అబీయాయిస్, అబీయాన్. ‘నేను చేరేసరికి రైలు వెళ్లిపోయింది’ అనాలంటే: క్వాందో యెగే, ఎల్ త్రేన్ యా అబీయా సలీదో. మామూలు భూతకాలంలో ‘సలియో’ అంటే మీరు చేరాకే రైలు కదిలిందనుకుంటారు. తెలుగు వాక్యంలో ‘అప్పటికే’ ఇమిడితే స్పానిష్‌లో అబీయా వేయండి.

భవిష్యత్తులో అబ్రే, అబ్రాస్, అబ్రా, అబ్రేమోస్, అబ్రేయిస్, అబ్రాన్. ఇవి ఊహకూ పనికొస్తాయి, అచ్చం మన ‘ఉంటాడు’ లాగే. ‘యా అబ్రా యెగాదో’ అంటే ‘ఈపాటికి వచ్చే ఉంటాడు’. ‘తిని ఉండేవాణ్ణి’కి ‘అబ్రీయా కొమీదో’.

5. ఎక్కడ వాడాలో చూసుకోండి

‘ఇవాళ ఆలస్యంగా తిన్నాను’ అనడానికి మాడ్రిడ్‌లో ‘ఓయ్ ఎ కొమీదో తార్దే’ అంటారు. మెక్సికో, బ్యూనస్ ఐరిస్‌లలో ‘ఓయ్ కొమీ తార్దే’ అనడమే ఎక్కువ. నిన్నటి సంగతైతే మాడ్రిడ్‌లోనూ ‘కొమీ’యే. మెక్సికోలో ‘నో అ యెగాదో’ అంటే ఇంకా రాలేదు, వస్తాడేమో. ‘నో యెగో’ అంటే ఇక రానట్టే.

‘పదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ దగ్గర ఇంగ్లిష్‌ని పక్కనపెట్టి తెలుగునే నమ్ముకోండి. మనం ‘ఉంటున్నాను’ అన్నట్టే స్పానిష్‌లోనూ మామూలు వర్తమానమే: బీబో అకీ దెస్దే ఆసే ద్యెస్ ఆన్యోస్.