గోడల్లేని ఆఫీసులో బుర్ర పెట్టి పని చేసుకోవడం ఎలా

కాలేజీ అయిపోయి, మొదటిసారి ఓపెన్ ఆఫీసులో పొడవాటి బల్ల దగ్గర కూర్చుని, సాయంత్రానికి "ఇవాళ నేనసలు ఏం చేశాను?" అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. తప్పు మీది కాదు. కాలేజీ మనకి నేర్పింది ఒకే రకం ఏకాగ్రత. పరీక్ష హాల్లో మూడు గంటలు ఎవరూ మాట్లాడకూడదు, పక్కకి చూడకూడదు. ఆఫీసులో అంతా దీనికి రివర్స్: అందరూ మాట్లాడుతూనే ఉంటారు, మనం మాట్లాడకపోతే టీమ్‌తో కలవడం లేదంటారు. ఈ రెండింటి మధ్య పని ఎలా చేసుకోవాలో ఏ సెమిస్టర్‌లోనూ లేదు.

ముందు ఒక సంగతి తెలుసుకోవాలి. మన పని చెడగొట్టేది చప్పుడు కాదు, అర్థమయ్యే మాట. ఏసీ రోజంతా గుయ్‌మంటున్నా పది నిమిషాల్లో మర్చిపోతాం. అదే వెనక సీట్లో ఎవరో ఫోన్లో "అవునా... ఎప్పుడు?... మరి ఆయనేమన్నాడు?" అన్నారనుకోండి, చేతిలో పని అక్కడే ఆగిపోతుంది. 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు దీన్నే పరీక్షించి చూశారు. ఇద్దరి మాటలూ వినబడ్డప్పటి కంటే ఒకవైపు మాటలే వినబడ్డప్పుడు మనసు ఎక్కువ చెదురుతుందని తేల్చారు, ఎందుకంటే వినబడని సగం ఏమై ఉంటుందా అని బుర్ర తనంతట తనే ఊహించుకుంటూ పోతుంది.

అందుకే హెడ్‌ఫోన్స్ కొనేముందు కాస్త ఆగండి. నాయిస్ క్యాన్సిలేషన్ అంటే బయటి చప్పుడుని మైకుతో పట్టుకుని, దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే తరంగాన్ని చెవిలోకి వదిలి రెంటినీ కొట్టేయించడం. ఇది ఏసీ, విమానం ఇంజన్ లాంటి ఒకేలా సాగే బొంగురు చప్పుళ్లకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది గానీ మనుషుల మాటల దగ్గర అంత జోరు ఉండదు. ఒక్కోసారి ఏసీ చప్పుడు పోయి పక్కాయన గొంతు ఇంకా స్పష్టంగా వినబడుతుంది! దానికి మందు, వాన చప్పుడు లాంటి పదాల్లేని శబ్దం ఒకటి సన్నగా పెట్టుకోవడం. పక్కవాళ్లు మాట్లాడుతున్నారని తెలుస్తూ, ఏం మాట్లాడుతున్నారో తెలియకుండా పోయేంత వాల్యూమ్ చాలు. చదివే పనికీ రాసే పనికీ పాటలు వద్దు, పాటలో ఉన్నవీ మాటలే కదా. సీటు ఎంచుకునే అవకాశం వస్తే వీపు గోడకి ఉండేలా, మీటింగ్ రూమ్ తలుపుకీ ప్రింటర్‌కీ దూరంగా చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఎవరైనా వచ్చి భుజం తట్టినప్పుడు ఏం చేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో కాంటెక్స్ట్ స్విచ్ గురించి చదివే ఉంటారు. ప్రాసెసర్ ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లేముందు, ఎక్కడిదాకా వచ్చిందో, రిజిస్టర్లలో, అంటే తన లోపలి చిన్న చిన్న అరల్లో, ఏముందో అంతా ఒకచోట దాచిపెట్టి గానీ కదలదు. దాచకుండా కదిలితే తిరిగొచ్చి ఏం చేయాలో దానికి తెలియదు. పది మార్కుల కోసం బట్టీపట్టి రాసేశాం గానీ ఇది మనకీ వర్తిస్తుందని ఒక్క లెక్చరరూ చెప్పలేదు, నాకూ తట్టలేదు, చేతులు కాలేదాకా.

ఒకరోజు డేటాబేస్‌లో పాత వరుసలు తీసేస్తున్నాను. రెండు విండోలు తెరిచి ఉన్నాయి, ఒకటి ప్రయోగాలకి పెట్టుకున్న టెస్ట్ డేటాది, ఒకటి అసలు డేటాది. పక్క సీటాయన "ఒక్క నిమిషం" అన్నాడు, తల తిప్పి జవాబు చెప్పాను, నలభై సెకన్లు కూడా పట్టలేదు. మళ్లీ తెరవైపు తిరిగి ఎంటర్ నొక్కాను. నొక్కింది అసలు విండోలో. బ్యాకప్ ఉంది కాబట్టి బతికిపోయాను. ఆ మధ్యాహ్నం పడిన టెన్షన్ మాత్రం ఇంకా గుర్తుంది.

అప్పట్నుంచి కీబోర్డు పక్కన చిన్న చీటీల కట్ట పెట్టుకున్నాను. ఎవరైనా పిలిస్తే చేత్తో "ఒక్క క్షణం" అని సైగ చేసి, చీటీ మీద ఒక్క లైను రాశాకే తల తిప్పుతాను. ఆ లైనులో ఉండాల్సింది చేస్తున్న పని పేరు కాదు, తర్వాత వేయాల్సిన అడుగు. "రిపోర్ట్ పని" అని రాస్తే తిరిగొచ్చాక దండగ. "214వ లైను, తేదీ ఖాళీగా వస్తే ఏమవుతుందో చూడాలి" అని రాస్తే చూడగానే చెయ్యి అక్కడికే వెళ్తుంది. ఆరేడు సెకన్ల పని. మొదట్లో మొహమాటంగా ఉంటుంది, ఎదుటివాళ్లు కాస్త వింతగా చూస్తారు, వారం తర్వాత ఎవరూ పట్టించుకోరు. ఇంకో లాభం ఏంటంటే, మీరు రాస్తున్నంతసేపు నిలబడి ఉన్న మనిషికి తన ప్రశ్నకి జవాబు తనకే తట్టి "పర్లేదులే" అని వెళ్లిపోవడం కూడా జరుగుతుంది.

ఈ గోడలు ఎందుకు తీశారో కూడా చెప్పుకోవాలి. 1950ల చివర్లో జర్మనీలో ఆఫీసులకి సలహాలిచ్చే ష్నెల్లె సోదరులు గదులు తీసేసి ఆఫీసుని ఒక తోటలా అమర్చాలనుకున్నారు, కానీ వాళ్ల ప్లానులో మొక్కలుండేవి, తెరలుండేవి, చప్పుడు మింగే తివాచీలుండేవి. తర్వాత 1960ల్లో అమెరికాలో రాబర్ట్ ప్రాప్‌స్ట్ అనే డిజైనర్ మనిషికి కాస్త చాటు ఉండేలా, కావాల్సినట్టు జరుపుకునే అడ్డుగోడలు డిజైన్ చేశాడు. కంపెనీలు వాటిని ఇరుకు క్యూబికల్స్, అంటే మనిషికో డబ్బా లాంటి అర, చేసేశాయి, ఆ తర్వాత అడ్డుగోడలూ తీసేసి బల్లలు మిగిల్చాయి. చదరపు అడుగులు మిగులుతాయి, దానికి "కలిసి పనిచేయడం" అని పేరు పెట్టారని నా అభిప్రాయం. నిజంగా కలిసి పనిచేస్తారా అంటే, 2018లో ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు ఓపెన్ ఆఫీసుకి మారిన రెండు పెద్ద కంపెనీల ఉద్యోగులకి సెన్సర్లు తగిలించి చూశారు. ముఖాముఖి మాట్లాడుకోవడం పెరగకపోగా సుమారు 70 శాతం తగ్గింది, ఈమెయిళ్లూ మెసేజ్‌లూ పెరిగాయి. యాజమాన్యం తీసేసిన గోడని జనం హెడ్‌ఫోన్స్‌తో, చాట్‌తో మళ్లీ కట్టుకున్నారన్నమాట.

చాట్ సంగతి మాత్రం జాగ్రత్త. భుజం తట్టేవాళ్లు ఒక్కరే, చాట్‌లో నలభైమంది ఒకేసారి తడతారు. గ్రూపుల నోటిఫికేషన్లన్నీ ఆపేయండి, మీ పేరు పెట్టి పిలిచినవే మోగాలి. గంటకోసారి మీరే వెళ్లి చూసుకోండి, నిజంగా కొంపలంటుకుంటే ఫోన్ చేస్తారు. మీరు అడిగేటప్పుడు "హాయ్" అని పంపి ఎదురుచూడకండి, అది తలుపు కొట్టి దాక్కోవడం లాంటిది. ఏం చేయబోయారు, ఏం జరిగింది, అప్పటికే ఏమేం చూశారు, మూడూ ఒకే మెసేజ్‌లో రాయండి. ఇలా ప్రశ్న అడగడం కాలేజీలో ఒక పేపర్‌గా పెట్టాలి అంటాను నేను. గ్రూప్ ప్రాజెక్టుల్లో ఒకడు చేస్తే నలుగురు పేర్లు రాసుకోవడం తప్ప మనం కలిసి పనిచేసింది ఎక్కడ? ఇంకా చదువుతున్నవాళ్లు ఉంటే ఇప్పుడే మొదలుపెట్టండి, స్నేహితుడు రాసిన ప్రోగ్రామ్ తెరిచి అర్థం కానిది ఒక్క మెసేజ్‌లో అడిగి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

మేనేజర్ దగ్గరికి వెళ్తే "ఇక్కడ గోలగా ఉంది" అనొద్దు, అది ఫిర్యాదులా వినబడి "అందరికీ అంతే" అన్న జవాబొస్తుంది. వారం రోజులు ఎన్నిసార్లు పని ఆగిందో చీటీలు లెక్కపెట్టి, "పొద్దున రెండు గంటలు టీమ్ మొత్తం ఎవరినీ కదపకుండా ఉందాం, రెండు వారాలు చూసి నచ్చకపోతే మానేద్దాం" అని అడగండి. మానేద్దాం అన్న మాట ఉంటే ఒప్పుకోవడం తేలిక. ఆ రెండు గంటల్లో మీరూ ఎవరి భుజం తట్టకూడదు, కొత్తలో మీకే ఎక్కువ కష్టం అనిపిస్తుంది.

చీటీలు ఏ రోజువి ఆ రోజు చించేయండి. నేను ఒక నెలవి దాచి చూశాను, సగం నా రాతే నాకు అర్థం కాలేదు, మిగతా సగంలో "214వ లైను" అని నాలుగుసార్లు ఉంది.